పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: ఫుట్‌బాల్ మ్యాచ్ ముందే మొదలుపెడితే కరెంటు బిల్లు ఎంత తగ్గుతుంది?

2022లో యూరప్‌లో కరెంటు ధరలు ఆకాశాన్నంటినప్పుడు ఇంగ్లాండ్‌లో చిన్న క్లబ్బులు ఫ్లడ్‌లైట్ల ఖర్చుకు భయపడి, శనివారం మధ్యాహ్నం 3 గంటలకు జరగాల్సిన కిక్-ఆఫ్‌ను ముందుకు తెచ్చుకోవడం మొదలుపెట్టాయి. దీని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. లెక్కల్లో సూర్యాస్తమయ వేళలు లండన్‌వి. మీ ఊరి వేళలు పంచాంగంలో చూసుకుని వేసుకుంటే లెక్క మీకూ సరిపోతుంది.

ప్రశ్న: మూడింటికి బదులు ఒంటిగంటకు ఆట మొదలుపెడితే నిజంగా చెప్పుకోదగ్గ ఆదా ఉంటుందా? పేరుకేనా? – ఒక క్లబ్ కోశాధికారి

జవాబు: ఉంటుంది, కానీ చాలామంది ఊహించుకున్నంత కాదు. ముందు దీపాలు లెక్కపెట్టండి. చిన్న మైదానంలో నాలుగు టవర్లు, ఒక్కో టవర్‌కు 8 దీపాలు, ఒక్కో దీపం 2000 వాట్ల మెటల్ హాలైడ్ (మైదానాల్లో వాడే పాత రకం వాయువు దీపం) అనుకుందాం. మొత్తం 64 కిలోవాట్లు. చోక్‌లు తినేది కూడా కలిపితే దాదాపు 70. అంటే అన్నీ వెలిగితే గంటకు 70 యూనిట్లు.

డిసెంబరు 15న లండన్‌లో సూర్యాస్తమయం మధ్యాహ్నం 3:51కే. మబ్బు పట్టిన రోజైతే 3:10కల్లా దీపాలు వెలిగించాలి. మూడింటికి మొదలైన ఆట 5 గంటలకు ముగుస్తుంది, జనం బయటికి వెళ్లడానికి ఇంకో పది నిమిషాలు. రెండు గంటలు, 140 యూనిట్లు. అదే నవంబరు 1న సూర్యాస్తమయం 4:34కు కాబట్టి గంటా పదిహేను నిమిషాలు వెలిగిస్తే చాలు. నవంబరు మొదటి నుంచి ఫిబ్రవరి మధ్యదాకా సొంత మైదానంలో 8 శనివారాల ఆటలు, సగటున గంటన్నర చొప్పున వేసుకుంటే 840 యూనిట్లు. ఆటలన్నీ వెలుతురులోనే ముగించగలిగితే మిగిలేది అంతే.

ఇప్పుడు అదే మైదానంలో వారానికి రెండు సాయంత్రాలు, రెండేసి గంటలు ప్రాక్టీసు జరుగుతోందనుకోండి. ఆ 15 వారాల్లో 60 గంటలు, అన్ని దీపాలూ వెలిగిస్తే 4200 యూనిట్లు. ప్రాక్టీసుకు సగం దీపాలు ఆర్పేస్తే 2100 మిగులుతాయి. కిక్-ఆఫ్ వేళ మార్చడానికి లీగ్‌తోనూ, ఎదుటి జట్టుతోనూ, రిఫరీతోనూ మాట్లాడాలి. ప్రాక్టీసుకు దీపాలు తగ్గించడానికి స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్తే చాలు. కాబట్టి ముందు ఆ పని చేసి, తర్వాత కిక్-ఆఫ్ సంగతి చూడండి.

ప్రశ్న: సూర్యాస్తమయం అయ్యేదాకా వెలుతురు ఉంటుంది కదా? మా రిఫరీ గంట ముందే దీపాలు వెయ్యమంటాడు. ఎవరిది సరైన మాట?

జవాబు: ఆకాశాన్ని బట్టి ఇద్దరిదీ. నిర్మలంగా ఉన్న రోజు సూర్యాస్తమయ సమయానికి దాదాపు 400 లక్స్ (నేల మీద పడే వెలుతురుకు కొలత) ఉంటుంది. దట్టంగా మబ్బు పడితే అదే సమయానికి 40 లక్స్‌కు దిగిపోవచ్చు. యూరప్ క్రీడా దీపాల ప్రమాణం ఈఎన్ 12193 ప్రకారం ఫుట్‌బాల్‌కు పెద్ద పోటీల్లో 500 లక్స్, మధ్య స్థాయి పోటీల్లో 200, ప్రాక్టీసుకూ సరదా ఆటలకూ 75 ఉండాలి. 200 లక్స్‌ను గీతగా పెట్టుకుంటే నిర్మలమైన రోజు సూర్యాస్తమయం దాటాక కూడా కొన్ని నిమిషాలు ఆడొచ్చు. మబ్బు రోజు అరగంట, 40 నిమిషాలు ముందే దీపాలు కావాలి. గంట ముందు అవసరమయ్యేది కారుమేఘం కమ్మిన రోజునే.

వాదన తెగాలంటే ఒక లక్స్ మీటర్ కొనండి. మోకాలి ఎత్తున కాకుండా నేల మట్టంలో, కొలిచే కన్ను ఆకాశం వైపు ఉండేలా పెట్టి, రెండు పెనాల్టీ ప్రాంతాల్లోనూ మధ్య వృత్తంలోనూ నాలుగు మూలల్లోనూ కొలవండి. స్టాండు నీడ పడే మూలే ముందు చీకటి పడుతుంది. నిర్ణయం ఆ అంకెను బట్టి తీసుకోవాలి. మీ నీడ మీటరు మీద పడకుండా చూసుకోండి. ఫోన్‌లో ఉండే లక్స్ యాప్‌లు ఒక్కో ఫోన్‌లో ఒక్కో రకంగా చూపిస్తాయి, రిఫరీతో వాదనకు పనికిరావు.

ప్రశ్న: అయితే కిక్-ఆఫ్ ఎన్నింటికి పెట్టాలో సూత్రం లాంటిది చెప్పండి.

జవాబు: సూర్యాస్తమయం నుంచి 40 నిమిషాలు తీసేయండి. అందులోంచి ఇంకో రెండు గంటలు తీసేయండి. రెండు సగాలు 90 నిమిషాలు, విరామం 15, గాయాలకూ మార్పులకూ కలిపే సమయం, ఆలస్యంగా మొదలైతే దానికి కాస్త, అన్నీ కలిపి ఆ రెండు గంటలు. డిసెంబరు 15కు ఇది 1:11 వస్తుంది, అంటే ఒంటిగంట. నవంబరు 1కి 1:54. ఫిబ్రవరి 1న సూర్యాస్తమయం 4:47 కాబట్టి 2:07. ఫిబ్రవరి 15న 2:33. చలికాలమంతా ఒకే వేళ పెట్టుకుని ఒంటిగంటకే జనాన్ని రమ్మనడం అనవసరం. నవంబరు మధ్య నుంచి జనవరి చివరిదాకా ఒంటిగంట, దానికి ముందూ తర్వాతా మధ్యాహ్నం రెండింటికి అని రెండు వేళలు పెట్టుకుంటే గుర్తు పెట్టుకోవడం కూడా తేలికే.

డిసెంబరులో రెండింటికి పెట్టినా సగం ఆదా వస్తుంది. 3:10 నుంచి 4:10 దాకా గంటసేపు దీపాలు వెలుగుతాయి. ఒంటిగంటకు జనం రారని తేలితే ఆ రెండింటి వేళే మధ్యేమార్గం.

నాకౌట్ పోటీ అయితే లెక్క మారుతుంది. 30 నిమిషాల అదనపు సమయం, మధ్యలో విరామాలు, పెనాల్టీలు కలిపితే ఇంకో గంట. ఒంటిగంటకు మొదలైన కప్ మ్యాచ్ డిసెంబరులో 3:55 దాకా సాగొచ్చు. ఇంగ్లాండ్ నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్‌లో 2024–25 నుంచి ప్రధాన రౌండ్లలో రీప్లేలు (సమమైతే మరో రోజు మళ్లీ ఆడటం) ఎత్తేశారు. సమమైతే అదే రోజు తేలాల్సిందే. అలాంటి రోజు 12:15కు మొదలుపెట్టండి, లేదా 90వ నిమిషం దగ్గర స్కోరు సమంగా ఉంటే వెంటనే దీపాలు వేసేలా ఒక మనిషిని స్విచ్ దగ్గర పెట్టండి. మెటల్ హాలైడ్ దీపం చల్లగా ఉన్నప్పుడు వేస్తే పూర్తి వెలుగుకు రావడానికి నాలుగైదు నిమిషాలైనా పడుతుంది. పెనాల్టీలు మొదలయ్యాక గుర్తొస్తే లాభం లేదు.

ప్రశ్న: హాఫ్‌టైమ్‌లో 15 నిమిషాలు దీపాలు ఆర్పేస్తే?

జవాబు: వద్దు. మెటల్ హాలైడ్ దీపం ఆరిన వెంటనే మళ్లీ వెలగదు. లోపలి వాయువు ఒత్తిడి తగ్గేదాకా, అంటే 10 నుంచి 15 నిమిషాల దాకా, దీపం వెలిగించే ఇగ్నైటర్ ఎంత కొట్టినా అంటుకోదు. తర్వాత పూర్తి వెలుగుకు ఇంకొన్ని నిమిషాలు. మిగిలేవి 17 యూనిట్లు, పోయేది రెండో సగం. పైగా వెలిగించిన ప్రతిసారీ ఎలక్ట్రోడ్లు అరుగుతాయి కాబట్టి దీపం ఆయుష్షు తగ్గుతుంది. ఆట మధ్యలో క్షణంపాటు వోల్టేజీ పడిపోతే మైదానమంతా పావుగంట చీకట్లో ఉండిపోవడానికీ కారణం ఇదే. ఎల్ఈడీ దీపాలైతే విరామంలో పాతిక శాతానికి తగ్గించుకోవచ్చు, ఏ ఇబ్బందీ లేదు.

ప్రశ్న: గత చలికాలం ఆటలన్నీ ఒంటిగంటకే పెట్టాం. ఫ్లడ్‌లైట్లు దాదాపు వెయ్యలేదు. అయినా బిల్లు పెద్దగా తగ్గలేదు. మీటరు తప్పా?

జవాబు: మీటరును అనుమానించే ముందు బిల్లు విడదీసి చదవండి. యూనిట్ల ఖర్చు ఒక భాగమే. రెండోది డిమాండ్ చార్జీ. నెలలో ఏ ఒక్క పావుగంటలోనో అరగంటలోనో మీరు లాగిన అత్యధిక లోడును, లేదా ఒప్పందంలో రాసుకున్న కేవీఏను (సరఫరా నుంచి లాగే మొత్తం లోడుకు కొలత) బట్టి అది పడుతుంది. నెలకు ఒకే ఒక్క బుధవారం రాత్రి మ్యాచ్ జరిగినా ఆ 70 కిలోవాట్లు నమోదైపోతాయి. మిగతా శనివారాలు మీరు దీపం ముట్టకపోయినా ఆ భాగం తగ్గదు. రాత్రి మ్యాచ్‌లు ఎలాగూ తప్పవనుకుంటే మీకు మిగిలేది యూనిట్ల ఆదా ఒక్కటే అని ముందే లెక్క కట్టుకోండి.

చాలా సరఫరా సంస్థలు సాయంత్రపు రద్దీ వేళలకు ఎక్కువ ధర వేస్తాయి. బ్రిటన్‌లో ఆ ఖరీదైన గంటలు మామూలుగా పనిదినాల్లో సాయంత్రం 4 నుంచి 7 దాకా ఉంటాయి. శనివారానికి ఆ భారం ఉండదు. కాబట్టి శనివారం ఆట వేళను ముందుకు జరిపితే చవక యూనిట్లు మిగులుతాయి. మంగళవారం సాయంత్రం 6 గంటల ప్రాక్టీసును 7 తర్వాతకు మారిస్తే ఖరీదైన యూనిట్లు మిగులుతాయి. మీ టారిఫ్ పత్రంలో వేళల వారీ ధరలు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే ఈ మార్పు ఎక్కువ పలుకుతుంది.

ఇంకొకటి, ఎవరూ చూడని మూల. ప్రతి దీపం చోక్ పక్కన ఒక కెపాసిటర్ ఉంటుంది. అది పాడైతే దీపం మామూలుగానే వెలుగుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కేవీఏలో నిజంగా పనికొచ్చే వాటా, 0.9 నుంచి 0.5 దాకా పడిపోతుంది. అన్నీ పాడైతే 78 కేవీఏ ఉండాల్సిన లోడు 140 అవుతుంది. యూనిట్లు అవే, డిమాండ్ చార్జీ మాత్రం దాదాపు రెట్టింపు. కనిపెట్టే పద్ధతి ఏమిటంటే, అన్ని దీపాలూ పూర్తిగా వెలిగాక ఎలక్ట్రీషియన్ చేత ఒక్కో సర్క్యూట్‌ను క్లాంప్ మీటర్‌తో (వైరు చుట్టూ పట్టించి ఆంపియర్లు కొలిచేది) కొలిపించండి. ఒకే వాటేజీ దీపాల్లో ఒకటి మిగతావాటికంటే బాగా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంటే దాని కెపాసిటర్ పోయినట్టే. సరఫరా ఆపాక కూడా కెపాసిటర్లో విద్యుత్తు నిలిచి ఉంటుంది, దాన్ని వాలంటీర్లు విప్పే పని కాదు.

చివరగా దుస్తులు మార్చుకునే గదుల హీటర్లు, వేడినీళ్ల ట్యాంకు, వంటగది. ఇవన్నీ ఫ్లడ్‌లైట్లతో ఒకేసారి నడిస్తే ఆ నెల డిమాండ్ అక్కడే పైకి పోతుంది. నీళ్లు ముందే వేడి చేసుకుని, దీపాలు వేసే వేళకు ట్యాంకు ఆపేయండి.

ప్రశ్న: ప్రాక్టీసుకు సగం దీపాలు అన్నారు. రెండు టవర్లు పూర్తిగా ఆర్పేస్తే సరిపోతుందా?

జవాబు: అలా చేస్తే మైదానంలో సగం పట్టపగలు, సగం అమావాస్య. సగటు లక్స్ సరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ వెలుతురు సమానంగా ఉండదు. పైనుంచి వచ్చే బంతి చీకట్లోకి వెళ్లి మాయమవుతుంది, ఆటగాళ్లు ఢీకొంటారు. నాలుగు టవర్లూ వెలగాలి, ఒక్కో దాంట్లో 8కి 4 దీపాలు ఆరాలి. ఏ నాలుగు ఆర్పాలో పైకి చూసి ఊహించకండి. దూరంగా గురిపెట్టినవీ దగ్గరగా గురిపెట్టినవీ సమానంగా ఉండేలా ఎంచాలి. తర్వాత లక్స్ మీటర్‌తో మైదానమంతా కొలిచి, అన్నిటికంటే తక్కువ అంకెను సగటుతో భాగించండి. ప్రాక్టీసు స్థాయికి అది 0.5కు తగ్గకూడదు. సగటు 75 లక్స్ దాటాలి.

ఫేజులు కూడా చూసుకోవాలి. ఆరిన దీపాలన్నీ ఒకే ఫేజు మీదివైతే లోడు ఒక పక్కకు ఒరుగుతుంది. మైదానంలో ఒకే చోటు మీద మూడు ఫేజుల దీపాలూ పడుతుంటే మినుకుమినుకు తక్కువగా కనిపిస్తుంది. అందుకే సగం దీపాలకు విడిగా కాంటాక్టర్ (పెద్ద లోడును వేసి ఆపే స్విచ్) పెట్టే పని అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి. వీటన్నిటి కంటే ముందు అద్దాలు తుడవండి. దుమ్ము పేరుకున్న అద్దం వెనక 8 దీపాలు ఇచ్చే వెలుగును శుభ్రమైన అద్దం వెనక అంతకంటే తక్కువ దీపాలే ఇచ్చేయొచ్చు.

ప్రశ్న: ఒంటిగంట ఆటలో సూర్యుడు కళ్లలో పడుతున్నాడని మా గోల్‌కీపర్ గొడవ పెడుతున్నాడు. మూడింటప్పుడు ఈ బాధ లేదు.

జవాబు: అతని మాట నిజమే. మైదానాలను ఉత్తర-దక్షిణాలుగా వేసేది సాయంత్రపు ఎండ గోల్‌కీపర్ల కళ్లలో పడకూడదనే. లండన్ అక్షాంశంలో డిసెంబరు మిట్టమధ్యాహ్నం సూర్యుడు క్షితిజానికి సుమారు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఉండేది నేరుగా దక్షిణాన. ఒంటిగంటకు ఉత్తరం వైపు గోల్‌లో నిలబడేవాడికి ఎదురుగా, ఎత్తుగా వచ్చే బంతి వెనకే సూర్యుడు ఉంటాడు. మూడింటికైతే నైరుతికి జరిగి, స్టాండు వెనక్కు దిగిపోతాడు.

గోల్‌కీపర్ టోపీ పెట్టుకోవచ్చు, ఆట నియమాలు ఒప్పుకుంటాయి. టాస్ గెలిస్తే కిక్-ఆఫ్ కాకుండా గోల్ ఎంచుకోమని కెప్టెన్‌కు చెప్పండి. 2019 నుంచి గెలిచినవారికి ఆ ఎంపిక ఉంది. రెండో సగానికి సూర్యుడు పక్కకు జరుగుతాడు కాబట్టి మొదటి సగంలో ఎండను ఎదుటి కీపర్‌కు వదిలేయడం మేలు.

అదే సూర్యుడితో ఇంకో ఇబ్బంది నేల మీద. 10 మీటర్ల ఎత్తు స్టాండు దక్షిణాన ఉంటే, 15 డిగ్రీల ఎండలో దాని నీడ 37 మీటర్లు పడుతుంది. ఆ వైపు గోల్ వెనక స్టాండు ఉందంటే 16.5 మీటర్ల పెనాల్టీ ప్రాంతం మొత్తం రోజంతా నీడలోనే. రాత్రి పేరుకున్న మంచు అక్కడ కరగదు. మూడింటి ఆటకు మైదానం ఆడదగ్గదిగా తేలే రోజు కూడా ఒంటిగంట ఆటకు, పొద్దున 10 గంటల తనిఖీలో, రద్దయిపోవచ్చు. ముందురోజు సాయంత్రమే ఆ భాగంలో కవర్లు పరచండి, తనిఖీకి గంట ముందు తీయండి. ఒక్క రద్దయిన ఆటను తర్వాత బుధవారం రాత్రి దీపాల కింద ఆడాల్సి వస్తే, రెండు శనివారాల్లో మిగిల్చింది అక్కడే కరిగిపోతుంది.

ప్రశ్న: కరెంటు కోసం ఆట వేళలు మార్చడం ఇదే మొదటిసారా?

జవాబు: కాదు. దీపాల కింద ఆట 1878 అక్టోబరు 14న షెఫీల్డ్‌లోని బ్రామాల్ లేన్‌లోనే జరిగింది. కానీ ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 1930లో వాటిని నిషేధించింది, 1950 దాకా ఎత్తలేదు. లీగ్ మ్యాచ్ దీపాల కింద మొదటిసారి జరిగింది 1956 ఫిబ్రవరి 22న, పోర్ట్స్‌మత్‌లో. అంతకుముందు చలికాలంలో ఆట 2:15కో, అంతకంటే ముందో మొదలయ్యేది. ఇప్పుడు కొత్తగా కనిపిస్తున్నది పాత అలవాటే.

1973 చివర్లో బొగ్గు, చమురు కొరత వచ్చినప్పుడు బ్రిటన్ ప్రభుత్వం ఫ్లడ్‌లైట్లకు కరెంటు ఆపేసింది. పనిదినాల మధ్యాహ్నాల్లో ఆటలు పెట్టారు, జనరేటర్లు తెచ్చుకున్నారు. ఎఫ్ఏ కప్‌లో ఆదివారం ఆట మొదటిసారి జరిగింది 1974 జనవరి 6న. ఆదివారం టికెట్టు అమ్మకూడదని 1780 నాటి చట్టం అడ్డొస్తే, క్లబ్బులు ప్రవేశం ఉచితమని చెప్పి లోపలికి వెళ్లేవారికి టికెట్టు ధరకే కార్యక్రమ పత్రం అమ్మాయి.

ప్రశ్న: వేళ మారిస్తే గేటు రాబడి తగ్గదా?

జవాబు: తగ్గొచ్చు, అందుకే ముందు లెక్క వేయండి. ఒక ఆటకు మిగిలే 105 యూనిట్ల ధరను ఒక టికెట్టు ధరతో భాగించండి. వచ్చిన అంకెకు మించి జనం తగ్గితే మీకు నష్టమే. చాలా క్లబ్బులకు అది వేళ్ల మీద లెక్కపెట్టేంత చిన్న అంకె. శనివారం పొద్దున పనికి వెళ్లే ఆటగాళ్లు, దూరం నుంచి బస్సులో వచ్చే ఎదుటి జట్టు, ఆట తర్వాత క్యాంటీన్‌లో కూర్చునే జనం – వీళ్లందరినీ ముందే అడగండి. బ్రిటన్‌లో ఇంకో మెలిక ఉంది. శనివారం 2:45 నుంచి 5:15 దాకా టీవీలో ప్రత్యక్ష ఫుట్‌బాల్ చూపించకూడదన్న నియమం చిన్న క్లబ్బులను కాపాడుతోంది. ఒంటిగంటకు పెడితే టీవీలో 12:30 ఆటతో పోటీ పడాలి.

ప్రశ్న: వేడి దేశాల్లోనూ ఇది పనికొస్తుందా?

జవాబు: భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడవునా పొద్దు ఆరింటికి అటూ ఇటూగానే కుంగుతుంది. పై సూత్రం ప్రకారం ఆట 3:20కు మొదలైతే దీపాలు అక్కర్లేదు. కానీ ఒంటిగంటకు జరిపితే కరెంటు ఆదా ఆటగాళ్ల ఒంటి మీద పడుతుంది. ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ 32 డిగ్రీలు దాటితే నీళ్ల విరామాలు ఇవ్వాలని ఫిఫా చెబుతుంది. అక్కడ దీపాలు వేసి రాత్రి ఆడటమే మేలు.

ప్రశ్న: ఈ తిప్పలన్నీ ఎందుకు, ఎల్ఈడీలు పెట్టేస్తే పోలేదా?

జవాబు: దీపాలు ఏడాదికి ఎన్ని గంటలు వెలుగుతాయో దాని మీద ఉంటుంది. శనివారాలు 12 గంటలు, రాత్రి మ్యాచ్‌లు 30, ప్రాక్టీసు 60 అనుకుంటే దాదాపు 100 గంటలు, 7000 యూనిట్లు. ఎల్ఈడీ వాటిని సుమారు సగానికి తగ్గిస్తుంది. 3500 యూనిట్ల ధరతో దీపాల ఖర్చును భాగిస్తే తిరిగి రావడానికి ఎన్నేళ్లో తెలుస్తుంది. వారంలో ఐదు రాత్రులు మైదానం అద్దెకిచ్చే క్లబ్‌కు తొందరగా వస్తుంది, శనివారం జట్టు ఒక్కటే ఉన్న క్లబ్‌కు చాలా ఏళ్లు పడుతుంది. కొనే ముందు పాత టవర్ కొత్త దీపాల బరువునూ వాటి మీద పడే గాలి తోపునూ మోయగలదో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరు చేత రాయించుకోండి. 200 లక్స్ మ్యాచ్‌కు, 75 ప్రాక్టీసుకు, జనం బయటికి వెళ్లేటప్పుడు ఇంకా తక్కువ – మూడు మెట్లుగా మార్చే స్విచ్ ఆర్డర్‌లోనే అడగండి. తర్వాత పెట్టిస్తే వైరింగ్ మళ్లీ చేయించాలి.